రెండు రాగి కడ్డీలు – ఒక రైతుబిడ్డ

మన విద్యార్థి సంఘం వారు ఈ యేటి సావనీరుకు ఏదైనా వ్రాసి యివ్వమన్నప్పుడు, కవిత్వం నా వల్ల కాదనీ, కథ అసలే చేతకాదనీ చెప్పేశాను. అయితే ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమన్నారు. గాంధీగారి గురించి, రామన్ గారి గురించి నాకన్న బాగా వ్రాయగలవాళ్ళు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. అందుకని, రెండున్నర శతాబ్దాల క్రితం ఫ్రాన్సు దేశంలో ఒక పల్లెటూళ్ళో పుట్టి, క్రోమియం అనే మూలకాన్ని కనిపెట్టిన లూయీ నికొలా వోక్లెన్‌ను గురించి వ్రాస్తున్నాను. ఆయన నాకు పుస్తకంలో పరిచయం కాలేదు. ఒక కడ్డీ ముక్కను పాడుచేసి తలవంచుకు నిలబడ్డ రోజున పరిచయమయ్యాడు. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత ఆయన కథలోకి వస్తాను.

మాది వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో డిగ్రీ చదువుకు వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మొదటి సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలో సాల్ట్ అనాలిసిస్‌లో నాకిచ్చిన మిశ్రమంలో ఇనుము ఉందని వ్రాశాను. ఇనుము ఉన్నమాట నిజమే. కాని దానితోపాటు క్రోమియం కూడా ఉంది. మూడవ గ్రూపులో ఇనుము తాలూకు గోధుమరంగు అవక్షేపం కనపడగానే సంబరపడిపోయి, దాని మాటున ఉన్న ఆకుపచ్చని క్రోమియంను చూడలేదు. మార్కులు పోయాయి. మార్కులకన్న నా మీద నాకున్న నమ్మకం ఎక్కువగా పోయింది. మా నాన్న కౌలు డబ్బుల్లోంచి ఫీజు కడుతున్నాడు. ఈ చదువు నాకు అచ్చిరాదు, పోయి ఏదైనా పని నేర్చుకుందామని, వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఇనప బీరువాలు చేసే మా మామయ్య షాపుకు వెళ్ళాను. తిరిగి కాలేజీకి రాకూడదనే లోపల అనుకున్నాను.

బీరువా రేకులను అతకడానికి అక్కడ స్పాట్ వెల్డింగ్ మిషను ఉంది. పైన ఒకటి, కింద ఒకటి రాగి టిప్పులుంటాయి. మధ్యలో రెండు రేకులు పెట్టి పెడల్ తొక్కితే టిప్పులు రెండూ రేకులను గట్టిగా నొక్కి పట్టుకుంటాయి. రెప్పపాటు కాలం వేల ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. రేకులు ఆనుకున్న చోట నిరోధం ఎక్కువ గనుక అక్కడే వేడి పుట్టి, ఇనుము కరిగి అతుక్కుంటుంది. 1886లో అమెరికాలో ఎలిహూ థామ్సన్ పేటెంటు పొందిన రెసిస్టెన్స్ వెల్డింగ్ పద్ధతే దీనికి మూలం. మనం క్లాసులో చదివే జౌల్ నియమం ఇక్కడ పొట్ట నింపుతోంది.

ఒకరోజు పైటిప్పు హోల్డరులో బిగుసుకుపోయి రాలేదు. మామయ్య లేడు. నేను గ్యాస్ టార్చితో దాన్ని ఎర్రగా కాల్చి, పటకారుతో లాగి, నీళ్ళ బకెట్లో ముంచాను. మా ఊరి కమ్మరి కొడవలికి పదును పెట్టడం చిన్నప్పటినుంచీ చూశాను గదా! ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుందన్నదే నాకు తెలిసిన శాస్త్రం. తీసి మళ్ళీ బిగించాను. మర్నాడు పని మొదలుపెట్టిన కాసేపటికే ఆ టిప్పు కొన పుట్టగొడుగులా విచ్చుకుపోయింది. అతుకులు వదులుగా పడ్డాయి. కడ్డీ అమ్మినవాడు క్రోమ్ కాపర్ అని చెప్పి మామూలు రాగి అంటగట్టాడని మామయ్య మండిపడి, అతనితో తేల్చుకుంటానని బయలుదేరాడు. నేను నోరు మెదపలేదు.

పక్క షాపులో లేత్ మీద పనిచేసే టర్నర్ పెద్దాయన ఆ టిప్పును చేతిలోకి తీసుకుని, నల్లబారిన మొదలును చూసి, దీన్ని ఎవరైనా కాల్చారా అని అడిగాడు. అప్పటికి ఒప్పుకోక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. ఇనుము వేరు, ఇది వేరు, దీన్ని కాల్చి ముంచితే మెత్తబడుతుంది అని మాత్రం చెప్పాడు. తన దగ్గరున్న రెండు కడ్డీ ముక్కలు తెచ్చి, ఒకటి మామూలు రాగి, ఒకటి క్రోమ్ కాపర్, ఏది ఏదో చెప్పమన్నాడు. రంగు ఒకటే, బరువు ఒకటే. నాకు తెలియలేదు. ఆయన ఆకురాయితో రెండింటి మీదా ఒక్కొక్క గీత గీశాడు. ఒకటి వెన్నలా లేచింది. రెండోది ఆకురాయిని నిలదీసింది. ఆ తేడా అంతా నూటికి ఒక పాలు కూడా సరిగా లేని క్రోమియం వల్లనే అని విన్నప్పుడు నాకు సిగ్గు వేసింది. పరీక్షలో నేను చూడకుండా వదిలేసిన ఆ క్రోమియమే ఇక్కడ మళ్ళీ ఎదురొచ్చింది. దీన్ని మొదట చూసినవాడెవడో తెలుసుకోవాలనిపించింది.

ఇక వోక్లెన్ కథ.

లూయీ నికొలా వోక్లెన్ 1763 మే 16న నార్మండీ ప్రాంతంలోని సెంట్ ఆంద్రే డెబెర్తో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి జమీందారు భూమిలో పనిచేసుకునేవాడు. పిల్లవాడూ తండ్రితోపాటు పొలంలో పనిచేసినవాడే. ఊరి బడిలో తెలివిగలవాడనిపించుకుని, పదునాలుగో యేట దగ్గరలోని రువాన్ పట్టణంలో ఒక మందుల దుకాణంలో పనికి కుదిరాడు. సీసాలు కడగడం, పొయ్యి చూసుకోవడం అతని పని. దుకాణం యజమాని కొంతమంది విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతుండేవాడు. పని చేసుకుంటూనే ఈ కుర్రాడు ఆ పాఠాలు విని, ఒక పుస్తకంలో వ్రాసుకునేవాడట. యజమాని అది చూసి, పనివాడికి పాఠాలేమిటని ఆ పుస్తకం లాక్కుని చించేశాడని చెబుతారు. ఆ కుర్రాడు ఆ కొలువు వదిలి పారిస్ నగరానికి వెళ్ళిపోయాడు.

పారిస్‌లోనూ మొదట మందుల దుకాణాలలోనే పని. మధ్యలో జబ్బుపడి ఆసుపత్రి పాలయ్యాడు. కోలుకుని బయటికి వచ్చాక మళ్ళీ పనికోసం తిరగవలసివచ్చింది. చివరకు పనిచ్చిన దుకాణదారు ఆనాటి ప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు ఫూర్‌క్రువాకు బంధువు. ఆ పరిచయంతో 1783 ప్రాంతంలో వోక్లెన్ ఫూర్‌క్రువా ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. లెక్కకు సహాయకుడే గాని, ఆ ఇంట్లో ఒక మనిషిగా కలిసిపోయాడు. అతనికి జబ్బు చేసినప్పుడు ఫూర్‌క్రువా అక్కచెల్లెళ్ళు సొంత తమ్ముడికి చేసినట్టు సేవ చేశారు. అక్కడ అతని నోటు పుస్తకాన్ని చించేవాళ్ళు లేరు. క్రమంగా గురుశిష్యులిద్దరి పేర్ల మీదా పరిశోధన పత్రాలు వెలువడ్డాయి. 1791లో వోక్లెన్ ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యుడయ్యాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇంతలో ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1793లో ఆయన పారిస్ వదలి, మెలన్ పట్టణంలోని సైనిక ఆసుపత్రిలో మందులు చూసే ఉద్యోగంలో ఉండవలసివచ్చింది. అల్లరిమూక చేతిలో చావబోతున్న ఒక స్విస్ సిపాయిని కాపాడినందువల్లనే ఆయనకు ఊరు వదలక తప్పలేదని చెబుతారు. మరుసటి యేడు తిరిగివచ్చి, 1795లో గనుల విద్యాలయంలో లోహ పరీక్షలు బోధించే ఆచార్యుడయ్యాడు. ఆయన మాటకారి కాదు, సభలో నిలబడి మెప్పించగల వక్త కాదు. ఆయన ప్రతిభ అంతా త్రాసు దగ్గర, మూస దగ్గర కనపడేది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. రష్యాలో యూరల్ కొండల దగ్గర బెరియోజొవ్ బంగారు గనిలో ఎర్రని అందమైన ఖనిజం ఒకటి దొరికేది. దానిని సైబీరియా ఎర్ర సీసం అనేవారు. 1766లో లేమాన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని వర్ణించాడు. మనం ఇప్పుడు క్రోకోయిట్ అంటున్నాము. ఎర్రని రాయిని నూరితే నారింజ పసుపు పొడి అవుతుంది. ఆ రంగు ఎక్కడిదో ఎవరికీ అంతుపట్టలేదు. 1789లో మకార్ అనే ఆయన తెచ్చిన రాళ్ళను వోక్లెన్ ఆయనతో కలిసి పరీక్షించి, ఇందులో సీసం, ఇనుము, అల్యూమినా ఉన్నాయని ఫలితం ప్రకటించాడు. అసలుదాన్ని పట్టుకోలేకపోయాడు!

మిత్రులారా, ఈ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. క్రోమియం కనిపెట్టిన మహానుభావుడు కూడా మొదటిసారి చూసినప్పుడు ఇనుమని వ్రాసి, క్రోమియంను వదిలేశాడు. నేను చేసిన తప్పు ఆయన కూడా చేశాడు. తేడా ఎక్కడంటే, ఆయన ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే రాయిని చేతికి తీసుకున్నాడు.

1797లో ఆ ఖనిజాన్ని మెత్తగా నూరి పొటాషియం కార్బొనేటు ద్రావణంలో మరిగించాడు. సీసం తెల్లని కార్బొనేటుగా అడుగున పడింది. పైన పసుపుపచ్చని ద్రావణం మిగిలింది. దానిలో పాదరస లవణం వేస్తే ఎర్రని అవక్షేపం, సీసపు లవణం వేస్తే పసుపు అవక్షేపం, తగరపు లవణం వేస్తే ద్రావణం ఆకుపచ్చగా మారడం చూశాడు. అప్పటికి తెలిసిన ఏ లోహమూ ఇన్ని వేషాలు వెయ్యదు. మరుసటి యేడు ఆ కొత్త పదార్థపు ఆక్సైడును బొగ్గుపొడితో కలిపి, గ్రాఫైటు మూసలో పెట్టి తీవ్రంగా కాల్చితే బూడిదరంగు సూదుల్లాంటి లోహ స్ఫటికాలు వచ్చాయి. ఇన్ని రంగులిచ్చే లోహం గనుక, ఫూర్‌క్రువా, ఖనిజ శాస్త్రజ్ఞుడు ఆవీ ఇచ్చిన సలహా మీద గ్రీకు భాషలో రంగు అనే అర్థం వచ్చే మాటతో దానికి క్రోమ్ అని పేరు పెట్టారు. పచ్చ మణికి ఆకుపచ్చదనం ఇచ్చేది ఆ మూలకమేనని కూడా ఆయనే తేల్చాడు. అదే 1798లో బెరిల్, పచ్చ ఈ రెండు రాళ్ళలో మరో కొత్త మూలకపు ఆక్సైడును గుర్తించాడు. అదే బెరీలియం. దాని లోహాన్ని 1828లో వోలర్, బ్యూసీ విడివిడిగా సాధించారు.

ఆ తర్వాత పదవులు వచ్చాయి. 1801లో కొలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పదవి, 1804లో ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో ఆచార్య పదవి లభించాయి. 1806లో రొబికేతో కలిసి ఆస్పరాగస్ మొక్క రసం నుంచి ఆస్పరజీన్‌ను వేరుచేశాడు. మనుషులు మొట్టమొదట వేరుచేసిన ఎమైనో ఆమ్లం అదే. మొత్తంమీద మూడు వందలకు పైగా పరిశోధన పత్రాలు వ్రాశాడు. 1809లో ఫూర్‌క్రువా చనిపోయినప్పుడు వైద్య ఫ్యాకల్టీలో ఆ పీఠం వోక్లెన్‌కే దక్కింది. ఫూర్‌క్రువా అక్కచెల్లెళ్ళను తన ఇంట్లో పెట్టుకుని, వాళ్ళు పోయేదాకా చూసుకున్నాడు. తాను పెళ్ళి చేసుకోలేదు.

ఆ అక్కచెల్లెళ్ళ వల్ల జరిగిన మేలు ఇంకొకటి ఉంది. తెనార్ అనే పేద రైతు కొడుకు చదువుకుందామని పారిస్ వచ్చి, వోక్లెన్ ప్రయోగశాలలో చోటు అడిగాడు. ఫీజు ఇచ్చుకోలేడు. వోక్లెన్ మొదట కుదరదన్నాడట. అక్కచెల్లెళ్ళు మాటసాయం చేస్తే, చిల్లర పనులు చేసే కుర్రాడిగా తీసుకున్నాడు. ఆ తెనారే 1818లో హైడ్రోజన్ పెరాక్సైడును కనిపెట్టాడు. ఈనాడు మన లేబొరేటరీలో ఆకుపచ్చని క్రోమియం అవక్షేపానికి సోడియం హైడ్రాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు చేర్చి మరిగిస్తే పసుపు ద్రావణం వస్తుంది. దానిలో ఎసిటిక్ ఆమ్లం, లెడ్ అసిటేటు చేరిస్తే పసుపు అవక్షేపం పడుతుంది. చూడండి, ఒకే పరీక్ష నాళికలో గురువు మూలకం, శిష్యుడి మందు రెండూ కలుస్తున్నాయి. ఇద్దరూ పొలం మీద నుంచి వచ్చినవాళ్ళే.

1822లో విద్యార్థుల అలజడి జరిగిందన్న కారణం మీద రాజప్రభుత్వం ఆ వైద్య ఫ్యాకల్టీని రద్దుచేసింది. 1823లో తిరిగి నెలకొల్పినప్పుడు వోక్లెన్‌తో సహా పలువురు ఆచార్యులను తీసుకోలేదు. దాదాపు అరవై యేళ్ళ వయసులో అంత ఉద్యోగమూ పోయింది. తర్వాత కొన్నాళ్ళకు తన సొంత జిల్లా ప్రజలు ఆయన్ను ప్రతినిధుల సభకు ఎన్నుకున్నారు. 1829 నవంబరులో, ఏ పల్లెలో పుట్టాడో అదే పల్లెకు చూడబోయి, అక్కడే కన్నుమూశాడు.

ఆయన తీసిన లోహం ఇప్పుడు ఎక్కడ లేదు? స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకుండా కాపాడేది క్రోమియమే. మన కొండపల్లిని అందరూ బొమ్మలకే తలుస్తారు గాని, ఆ కొండల్లో క్రోమైట్ ఖనిజం కూడా ఉంది. దాన్ని తవ్వారు కూడా. అయితే క్రోమియంలో మంచీ ఉంది, చెడూ ఉంది. ఆ పసుపు క్రోమేట్లు విషం, క్యాన్సర్ కారకాలు. లేబొరేటరీలో వాటితో పనిచేశాక చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్సు విప్పే మిత్రులు ఇది గమనించాలి. లోహంగా రాగిలో కరిగిన క్రోమియంతో మాత్రం ఆ భయం లేదు.

నేను పాడుచేసిన టిప్పులో జరిగిందేమిటో కూడా చెప్పి ముగిస్తాను. రాగికి బలం పెంచాలంటే వేరే లోహం కలపాలి. కాని ఏది కలిపినా అది రాగిలో కరిగి ఉన్నంతసేపూ కరెంటు దారికి అడ్డమే. ఇత్తడి గట్టిదే గాని, దానిలో కరెంటు రాగిలో నాలుగోవంతుకు కాస్త అటూయిటూగా మాత్రమే పోతుంది. క్రోమియం సంగతి వేరు. మా అమ్మ పాకం పట్టేటప్పుడు, వేడి నీళ్ళలో ఎక్కువ కరిగిన పంచదార చల్లారాక పలుకులు కడుతుంది. ఇదీ అంతే. సుమారు 1076 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఘనరూపంలో ఉన్న రాగి నూటికి 0.65 పాళ్ళదాకా క్రోమియంను తనలో కరిగించుకుంటుంది. 400 డిగ్రీలకు దిగేసరికి దాదాపు ఏమీ కరిగించుకోదు. అందుకని 0.6 నుంచి 1.2 శాతం క్రోమియం కలిపిన కడ్డీని 1000 డిగ్రీల దగ్గర కాల్చి, గబుక్కున నీళ్ళలో ముంచుతారు. క్రోమియం బయటికి వచ్చే వ్యవధి లేక లోపలే చిక్కుపడుతుంది. ఈ దశలో కడ్డీ మెత్తగా ఉంటుంది, కరెంటు కూడా సగం కన్న తక్కువే పోతుంది. దీన్ని సాగదీసి, 450 డిగ్రీల ప్రాంతంలో కొన్ని గంటలు నిదానంగా వేడి చేస్తారు. అప్పుడు కంటికి కనపడనంత సన్నని క్రోమియం నలుసులు రాగి అంతటా పుట్టుకొస్తాయి. స్ఫటికంలో పొరలు ఒకదానిమీద ఒకటి జారకుండా అవి అడ్డుపడతాయి గనుక కడ్డీ గట్టిపడుతుంది. క్రోమియం విడిపోయింది గనుక మిగిలిన రాగి శుభ్రపడి, శుద్ధమైన రాగిలో నూటికి 80 పాళ్ళ దాకా కరెంటును మోస్తుంది. మామూలు గట్టి రాగి 200 డిగ్రీలకే మెత్తబడితే, ఇది 450 డిగ్రీల దాకా తట్టుకుంటుంది.

అందుకే స్పాట్ వెల్డింగ్ టిప్పులకు, సీమ్ వెల్డింగ్ చక్రాలకు, సర్క్యూట్ బ్రేకర్ల భాగాలకు, ప్లాస్టిక్ మూసల్లో వేడి లాగే భాగాలకు ఈ కడ్డీలు వాడతారు. దీనికి కాస్త జిర్కోనియం కూడా చేర్చిన రాగిని ఉక్కు పోతపోసే మూసలకు, ఫ్రాన్సులో కడుతున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టరులో వేడిని లాగే భాగాలకు తీసుకున్నారు. నేను టార్చితో ఎర్రగా కాల్చినప్పుడు ఆ సన్నని నలుసులు పెరిగి, కలిసిపోయి, అడ్డు తొలగిపోయింది. కొడవలికి పనికొచ్చిన విద్య ఈ కడ్డీకి పనికిరాలేదు. ఒకసారి అలా పాడైతే మళ్ళీ మొదటినుంచీ అంతా చెయ్యవలసిందే.

మామయ్య ఆ కడ్డీ అమ్మినాయన దగ్గరకు పోకముందే నేను తప్పు ఒప్పుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. కొత్త టిప్పు ఖరీదు నా జీతంలో పట్టుకోమన్నాను. మామయ్య పట్టుకోలేదు. కాలేజీ తెరిచే రోజుకు ఛార్జీలిచ్చి బస్సెక్కించాడు.

ఈ యేడు ప్రాక్టికల్స్‌లో నాకు మళ్ళీ మూడవ గ్రూపులో గోధుమరంగు అవక్షేపమే వచ్చింది. ఈసారి తొందరపడలేదు. పెరాక్సైడు వేసి మరిగించి, వడకట్టాను. వడపోతలోంచి దిగిన ద్రావణం పసుపుపచ్చగా ఉంది. లెడ్ అసిటేటు వేశాను. పొద్దుతిరుగుడు పువ్వు రంగులో అవక్షేపం మెల్లగా అడుగుకు దిగింది. మా మాష్టారు చూసి రికార్డులో సంతకం పెట్టారు. ఆ పరీక్ష నాళికను వెంటనే కడగబుద్ధికాక, కాసేపు స్టాండులో అలాగే ఉంచాను.